గోలు పడినప్పుడల్లా చావు దెబ్బ

నేను ఒక డప్పును. దెబ్బలు తినడమే నా బతుకు, కాబట్టి నా మీద జాలి చూపించే పని పెట్టుకోకండి. ముప్పై నాలుగేళ్లు నన్ను వాయించారు. వాయించినవాళ్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నా ఒళ్లు మండేదల్లా నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టని పెద్దమనుషుల మీద. వాళ్ల సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

నన్ను కట్టింది ఆలేరు పక్కన ఒక ఊళ్లో, మాదిగవాడలో, జంపయ్య అనే ముసలాయన. వేపచెక్క ముక్కలు గుండ్రంగా అతికి చట్రం చేశాడు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల జిగురు పూసి చట్రానికి బిగించాడు. మూడు రోజులు ఎండబెట్టి, నాలుగో రోజు గడ్డిమంట మీద కాచి, వేళ్లతో తట్టాడు. నేను ఖంగుమన్నాను. "ఇగ దీని నోరు ఎవ్వడు మూయలేడు" అని మురిసిపోయాడు. పాపం, ఆయనకు తెలిసిన లోకం అంతే.

జంపయ్య నన్ను మేనల్లుడు బాల్నర్సుకు ఇచ్చాడు. అతనికి అప్పుడే సికింద్రాబాదులో రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ పని దొరికింది. ఇచ్చేముందు దెబ్బలన్నీ ఒకసారి కొట్టించుకుని విన్నాడు. "పెండ్లికొకటి, జాతరకొకటి, సాటింపుకొకటి, సావుకొకటి. ఒకదాంట్ల ఒకటి కలుపకు అల్లుడా. సావు దెబ్బ ఉత్తగనే కొట్టేది కాదు" అన్నాడు. చావు దెబ్బ ఎలా ఉంటుందో విననివాళ్లకు చెప్పడం కష్టం. నెమ్మదిగా, బరువుగా, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఒక ఖాళీతో నడుస్తుంది. ఒక్కసారి విన్నవాడు ఎక్కడ ఏ పనిలో ఉన్నా లేచి నిలబడతాడు.

ఊళ్లో డప్పు కొట్టేవాడికి ఒక చోటు ఉండేది. శవానికి ముందు, మనుషులకు దూరంగా. పెళ్లికి కొట్టినా పందిరి బయటే. బాల్నర్సు పాతికేళ్ల వయసు వరకు అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత లాలాగూడకు వచ్చి, ఒక ఆదివారం పూట నన్ను చంకన పెట్టుకుని, వర్క్‌షాపు వెనక మైదానంలో ఫుట్‌బాల్ చూడబోయాడు.

ఆ టీము పేరు ఇంజన్ షెడ్ స్పోర్టింగ్ క్లబ్. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేక అందరూ షెడ్డు అనేవారు. మైదానానికి తూర్పున మెట్లు ఉండేవి. అవి కంట్రాక్టరు కట్టినవి కావు. రైలు పట్టాల కింద నుంచి తీసి పారేసిన చెక్క దిమ్మెలను జనమే ఒక వేసవంతా భుజాల మీద మోసుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టుకున్నారు. కట్టడం అయ్యాక అప్పటి సెక్రటరీ మైకు పట్టుకుని "ఈ మెట్లు మీవి, మీ పిల్లలవి" అన్నాడట. కాగితం మీద ఏమీ రాయలేదు. మాట చాలుననుకునే తెలివి ఆ రోజుల్లో జనానికి దండిగా ఉండేది.

ఆ మెట్ల మీద బాల్నర్సును ఎవరూ దూరంగా నిలబెట్టలేదు. "అరె డప్పన్నా, నడుమల కూసో, రెండు దిక్కుల వినపడాలె" అని చెయ్యి పట్టి లాగి మధ్యలో కూర్చోబెట్టింది ఖయ్యూం భాయ్. వర్క్‌షాపు గేటు దగ్గర ఆయనది చాయ్ హోటలు. రెండో పక్కన గ్రేసమ్మ, రైల్వే ఆసుపత్రిలో ఆయా, చంకలో పిల్లాడితో, ఒళ్లో ఉడకబెట్టిన పల్లీల పొట్లంతో. ఆ పొట్లం చేతులు మారుతూ బాల్నర్సు దగ్గరికి వచ్చినప్పుడు అతను తీసుకోకుండా పక్కకు జరిగాడు. "తీస్కోరాదే, ఇసం పెట్టలే" అని కసిరింది గ్రేసమ్మ. అతను తీసుకున్నాడు. నాలుగు పల్లీలు నోట్లో వేసుకుని, పొట్లం పక్కవాడికి అందించాడు. ఆ చోటు కోసం అతను తర్వాత ఏమేం చేశాడో విని మీకు నవ్వు వస్తే, ఈ పల్లీల పొట్లం గుర్తుకు తెచ్చుకుని నవ్వండి.

అలా ముప్పై ఏళ్లు. ప్రతి మ్యాచ్‌కు ముందు ఖయ్యూం భాయ్ మెట్ల వెనక పాత పేపర్లు అంటించి నన్ను కాచేవాడు. కాచకపోతే నేను పలకను. తోలు బిగుసుకోవాలంటే సెగ తగలాలి. మ్యాచ్ సగంలో మళ్లీ ఒకసారి. ఎదుటి టీము ఫోటో ఉన్న పేజీని ముందుగా తగలబెట్టడం ఆయన మతంలో భాగం. గోలు పడితే జాతర దెబ్బ. మనవాడు బంతి పట్టుకుంటే చాటింపు. చావు దెబ్బ మాత్రం ఆ మైదానంలో ఒక్కసారే పడింది. గోల్‌కీపరుగా పద్దెనిమిదేళ్లు ఆడిన సాల్మన్ పోయినప్పుడు, పెట్టెను మైదానం చుట్టూ తిప్పితే, మెట్లన్నీ లేచి వెంట నడిచాయి.

షెడ్డు గొప్ప టీమేమీ కాదు. గెలిచిన రోజుల కంటే ఓడిన రోజులే ఎక్కువ. మనుషులు ఓడేవాళ్లను ఇంత ప్రేమించడం నేను ఇంకెక్కడా చూడలేదు, వాళ్ల సొంత తమ్ముళ్లను కూడా అంత ప్రేమించరు.

తర్వాత కొత్త ఓనర్లు వచ్చారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాళ్లకు ఎదురువెళ్లి దండలు వేసింది మావాళ్లే. నన్ను జాతర దెబ్బలో వాయించారు. ఖయ్యూం భాయ్ అందరికీ ఊరికే చాయ్ పోశాడు. కొత్త ఓనరు కారు అద్దం నాలుగు వేళ్ల మేర దించి చెయ్యి ఊపాడు. ఆ నాలుగు వేళ్ల సందును తలుచుకుని మావాళ్లు నెల రోజులు పొంగిపోయారు.

ముందు పేరు పోయింది. షెడ్డు కాస్తా డెక్కన్ కోబ్రాస్ అయింది. నీలం రంగు పోయి నలుపూ బంగారమూ వచ్చాయి. చెక్క దిమ్మెల మెట్లు పీకి ప్లాస్టిక్ కుర్చీలు వేసి, దానికి కోబ్రా ప్రైడ్ జోన్ అని బోర్డు తగిలించారు. నీలం రుమాలు కట్టుకొస్తే గేటు దగ్గర విప్పించారు. నీళ్ల సీసా రావద్దు, పల్లీలు రావద్దు, గొడుగు రావద్దు. ఇవన్నీ మావాళ్లు సహించారు. అలవాటైపోతుందిలే అనుకున్నారు. ఆ తర్వాత అగ్గిపెట్టె రావద్దన్నారు.

అగ్గి లేకపోతే నేను లేను. బాల్నర్సు నన్ను బయటే కాచి, చొక్కా లోపల పొట్టకు అదుముకుని పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చేవాడు. చలికాలం సాయంత్రాలు. ఆట మొదలయ్యేసరికి నేను తడిసిన గోనెసంచిలా చప్పబడేదాన్ని. కొడితే బుస్సుమనేదాన్ని. కొత్తగా వచ్చే జనం నవ్వేవాళ్లు. ఒకసారి అతను నన్ను జనరేటరు గొట్టం దగ్గర పెట్టి కాచుకుంటుంటే సెక్యూరిటీ వాళ్లు రెక్క పట్టుకుని బయటికి ఈడ్చారు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని. చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది.

వారం తర్వాత నన్నే నిషేధించారు. పెద్దవాళ్ల బాక్సుల్లో కూర్చునేవాళ్లకు తలనొప్పిగా ఉందట. అభిమానులు వెళ్లి అడిగితే తనూజ్ అనే కుర్ర ఆఫీసరు నవ్వుతూ ఎదురొచ్చాడు. అతను ఫ్యాన్ ఎంగేజ్‌మెంట్ హెడ్డు. ఎంగేజ్‌మెంట్ అంటే మావాళ్లకు తెలిసింది నిశ్చితార్థం ఒక్కటే. నిశ్చితార్థం ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది, పెళ్లి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

"అంకుల్, యూ ఆర్ అవర్ హెరిటేజ్" అన్నాడు తనూజ్. "డప్పు సౌండు మాకు కావాలి. కాకపోతే కంట్రోల్‌గా కావాలి. స్టూడియోలో ఒకసారి రికార్డు చేసుకుంటాం, గోలు పడినప్పుడల్లా స్పీకర్లలో మీదే వస్తుంది. మీకు ఈస్ట్ స్టాండ్‌లో మీ పాత చోటు, లైఫ్‌లాంగ్."

"డప్పు పట్టుకొని కూసోనిస్తరా సారూ?" అని అడిగాడు బాల్నర్సు.

"మీ చోటు మీదే అంకుల్" అన్నాడు తనూజ్. ఆ జవాబు అడిగినదానికి కాదని నాకు అప్పుడే అర్థమైంది. నేను తోలుదాన్ని. మనుషులు మెత్తగా మాట్లాడినప్పుడు నాకు అనుమానం ఎక్కువ. బాల్నర్సుకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్టూడియో అంటే మంచుగడ్డ లాంటి గది. అక్కడా అగ్గి లేదు. ఖయ్యూం భాయ్ పక్కగదిలో మేకప్ వేసే అమ్మాయిని బతిమాలి, జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి నా మీద వేడిగాలి పట్టాడు. నా తాతలు ఎవరూ ఇంత వైభోగం చూసి ఉండరు. తోలు బిగుసుకుంది. బాల్నర్సు జాతర దెబ్బ ఎత్తుకున్నాడు, ఒళ్లు మరిచి కొట్టాడు.

"ఇది చాలా ఫాస్ట్ అంకుల్. కొంచెం ఊర టైపు ఉంది" అన్నాడు తనూజ్. ఊర అంటే నాటు అని అతని భాష. చాటింపు కొడితే అల్లరిగా ఉందన్నాడు. పెళ్లి దెబ్బ కొడితే సినిమాలా ఉందన్నాడు. "స్లోగా, మెజెస్టిక్‌గా, గుండెల్లో దిగేటట్టు ఏమైనా ఉందా? గూస్‌బంప్స్ రావాలి."

బాల్నర్సు చాలాసేపు నా వైపు చూశాడు. జనరేటరు దగ్గర ఉండిపోయిన చెప్పు గుర్తొచ్చిందో, నవ్విన జనం గుర్తొచ్చారో నాకు తెలియదు. వాయించే సిర్ర పుల్ల ఎత్తి చావు దెబ్బ మొదలుపెట్టాడు. ఖయ్యూం భాయ్ చేతిలో మిషను జారి కింద పడింది. తనూజ్ కళ్లు మూసుకున్నాడు. చెయ్యి చాపి రోమాలు చూపించాడు. "ఇదే! ఇదే అంకుల్! ఇన్నాళ్లు ఎక్కడ దాచారు దీన్ని?"

"సార్‌కు చెప్పు నర్సన్నా, అదేందో చెప్పు" అన్నాడు ఖయ్యూం భాయ్ చెవిలో.

"ఆయన అడిగిండు, నేను కొట్టిన" అన్నాడు బాల్నర్సు. అతని పెదాల మీద ఒక నవ్వు ఉంది. ముప్పై ఏళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సీజను మొదటి మ్యాచ్ రోజున గేటు దగ్గర నన్ను లాక్కుని బ్యాగుల గదిలో పడేశారు. బాల్నర్సు పాసు చూపించి మాట తీసుకున్నానని చెబితే తనూజ్ వచ్చాడు. "చోటు మీకన్నాను అంకుల్. డప్పుకని అనలేదు కదా." బాల్నర్సు ఖాళీ చేతులతో లోపలికి వెళ్లాడు. నేను హెల్మెట్ల మధ్య, పట్టుబడ్డ అగ్గిపెట్టెల పక్కన కూర్చున్నాను. ఆ గదికి ఒక కిటికీ ఉంది. అందులోంచి తూర్పు గ్యాలరీ, సగం మైదానం కనిపిస్తాయి.

ఇరవయ్యో నిమిషంలో గోలు పడింది. నలభై స్పీకర్లలో నా గొంతు, చావు దెబ్బ.

తూర్పు గ్యాలరీ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, వందల మంది పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎదురుగా పెద్దవాళ్ల బాక్సుల్లో కోట్లు వేసుకున్న మగవాళ్లు, అద్దాలు పెట్టుకున్న ఆడవాళ్లు ఆ దెబ్బకు భుజాలు ఊపుతూ నాట్యం చేశారు. శవం ముందు ఆడేవాళ్లు కూడా అంత లయ తప్పకుండా ఆడరు. ఆ బాక్సుల్లో పల్లెలో పుట్టినవాళ్లు పదిమందైనా ఉండే ఉంటారు. గుర్తుపట్టే ఉంటారు. పక్కవాడు నవ్వుతుంటే తాము నవ్వకపోతే ఎక్కడ బయటపడతామోనని వాళ్లూ ఊపారు. మూడు నెలల పాటు ఇదే వేడుక, ప్రతి మ్యాచ్‌కు అతను నన్ను తేవడం, గేటు దగ్గర లాక్కుంటే నేను ఆ గది కిటికీలోంచి చూడడం. నగరంలో పిల్లలు ఫోన్లలో ఆ మోత పెట్టుకున్నారు. బాల్నర్సు పక్కన కూర్చోవడానికి జనం పోటీ పడ్డారు. పగ తీర్చుకున్న మనిషి ఎంత అందంగా ఉంటాడో అప్పుడు చూశాను.

గ్రేసమ్మ చంకలో ఉండే పిల్లాడు ఆరోన్ అప్పటికి కోబ్రాస్‌లో ఆడుతున్నాడు. పాత షెడ్డు నుంచి మిగిలింది అతనొక్కడే. డిసెంబరులో ఒక సాయంత్రం గాల్లోకి ఎగిరి తలతో గోలు కొట్టి, ఆ ఊపులో వెళ్లి ఇనుప స్తంభానికి గుద్దుకుని, కింద పడ్డాడు. కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయింది. అతను కదల్లేదు. గోలు మాత్రం గోలే కదా. స్పీకర్లు మొదలుపెట్టాయి.

స్ట్రెచరు వచ్చింది. నలుగురు మోశారు. ముందు నా గొంతు, వెనక నలుగురు, మధ్యలో ఆరోన్. నేను పుట్టింది ఆ దృశ్యం ముందు నడవడానికే, కానీ బతికున్నవాడి ముందు ఎప్పుడూ నడవలేదు. తూర్పు గ్యాలరీలో ఎవరూ నవ్వలేదు. గ్రేసమ్మ కుర్చీల మీంచి దాటుకుంటూ దిగింది, కింద ఇనుప కంచె దగ్గర ఆపేశారు. కంచె పట్టుకుని ఆమె అరిచింది కొడుకు పేరు కాదు. "బంద్ జేయుండ్రి దాన్ని! బంద్ జేయుండ్రి!" అని. ఆపగలిగినవాళ్లకు వినపడలేదు, దెబ్బ అంత గట్టిగా ఉంది.

ఆరోన్ బతికాడు. ఆట పోయింది. క్లబ్బు వాళ్లు ఆసుపత్రికి పువ్వులు పంపారు, పది రోజుల తర్వాత నీతో పని లేదని ఫోనులో ఒక ఉత్తరం పంపారు. ఆ రెండింటి కిందా పంపినవారి పేరు ఒకటే.

గ్రేసమ్మ బాల్నర్సు ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడకు నేను వేలాడుతున్నాను. నా వైపు చూపించింది.

"నా కొడుకు పానంతోని ఉండంగనే కొట్టిచ్చినవు గద నర్సన్నా."

"గ్రేసక్కా, నేను వాళ్లను..."

"నువ్వు వాళ్లకు కొట్టిన అనుకున్నవు. వాళ్లకు తెల్వనే తెల్వదు. తెలిసినోళ్లం మేమే. ఎవరికి తాకింది మరి?"

 ఆమె వెళ్లాక మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే దూరమయ్యారు. టీము వరసగా ఓడుతోంది. "నువ్వే మన షెడ్డుకు సావు కొట్టినవ్" అని ఒకడు నడిబజార్లో మొహం మీదే అన్నాడు. గ్యాలరీలో అతని రెండు పక్కలా కుర్చీలు ఖాళీ. ఖయ్యూం భాయ్ ఒక్కడే ఒక కుర్చీ వదిలి కూర్చునేవాడు. ఊళ్లో ఎంత దూరంలో నిలబెట్టేవాళ్లో, సరిగ్గా అంత దూరం.

బాల్నర్సు నన్ను తీసుకుని తనూజ్ ఆఫీసుకు వెళ్లాడు. నిజం చెప్పేశాడు. "అది సావు డప్పు సారూ. శవం ముంగట కొట్టేది. తప్పు నాది. దాన్ని తీసెయ్యుండ్రి, జాతర దెబ్బ కొట్టిస్త, ఎన్నిసార్లంటే అన్నిసార్లు."

తనూజ్‌కు కోపం వస్తుందని అతను అనుకున్నాడు. కోపమొస్తే ఎంత బాగుండేది! తనూజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సీరియస్‌లీ? డెత్ డ్రమ్మా? అంకుల్, ఇట్స్ గోల్డ్. ఎదుటి టీముకు చావు అన్నమాట. కోబ్రా కాటు! ఈ స్టోరీ మాకు ముందే చెప్పాలి కదా."

బాల్నర్సు అతని కాళ్లు పట్టుకోబోయాడు. రైల్వేలో ముప్పై రెండేళ్లు ఇంజన్ల కింద దూరి పని చేసిన మనిషి. తనూజ్ ఇబ్బందిగా వెనక్కి జరిగి, బేరం చెప్పాడు. మేడ మీద కొత్తగా క్లబ్బు మ్యూజియం పెడుతున్నారు. నన్ను దానికి ఇచ్చేస్తే, సీజను చివరి మ్యాచ్ నుంచి ఆ దెబ్బ ఆపించేలా పైవాళ్లతో మాట్లాడతానన్నాడు.

"మాట్లాడతరా, ఆపిస్తరా?"

"నా మీద నమ్మకం లేదా అంకుల్?"

బాల్నర్సు నన్ను బల్ల మీద పెట్టాడు. సిర్ర, సిటికెన పుల్ల రెండూ పక్కన పెట్టాడు. అరచేత్తో నా తోలు ఒకసారి నిమిరాడు. నన్ను అడగలేదు. అడిగితే వద్దనేదాన్ని. గ్రేసమ్మ ముందు తలెత్తుకుని నిలబడడానికి అతని దగ్గర ఇవ్వదగ్గది నేనొక్కదాన్నే ఉన్నాను, అది నాకూ తెలుసు.

నన్ను తెల్లటి తొడుగుల చేతులు అద్దాల పెట్టెలో పెట్టాయి. ఎదురుగా నిలువెత్తు కిటికీ, దాని అవతల మైదానమంతా. ముప్పై నాలుగేళ్లలో నాకు దొరికిన అతి మంచి సీటు అది.

చివరి మ్యాచ్ గెలిస్తే టీము పై డివిజన్లో ఉంటుంది, లేకపోతే కిందికి పోతుంది. బాల్నర్సు లాలాగూడలో ఇల్లిల్లూ తిరిగాడని తర్వాత తెలిసింది. "రాండ్రి, ఇయ్యాల ఆ దెబ్బ మోగదు, నేను మాట తీసుకున్న" అని చెప్పాడట. గ్రేసమ్మ గుమ్మం ముందు గంటసేపు నిలబడ్డాడట. వచ్చారు. ఆమె కూడా వచ్చింది. అతని పక్కనే కూర్చుంది. పై నుంచి చూశాను, మధ్యలో ఖాళీ కుర్చీ లేదు.

డెబ్బై ఎనిమిదో నిమిషంలో గోలు పడింది. గెలుపు గోలు. టీము బతికిపోయింది. తూర్పు గ్యాలరీ చేతులు పైకెత్తి లేచింది.

స్పీకర్లు చావు దెబ్బ ఎత్తుకున్నాయి. ఈసారి కొత్తగా పాము బుస కూడా కలిపారు. పెద్ద తెర మీద ఎర్రటి అక్షరాలతో డెత్ డ్రమ్ అని పడింది.

ఎత్తిన చేతులు అలాగే దిగిపోయాయి. బాల్నర్సు గ్రేసమ్మ వైపు చూడలేకపోయాడు. అతనెప్పుడు కూర్చుంటాడా అని నేను చూస్తున్నాను, అతను కూర్చోలేదు. మెట్లు దిగడం మొదలుపెట్టాడు. డప్పు లేదు, చేతులు మాత్రం నా బరువు మోస్తున్నట్టు ఒక పక్కకు వంగి ఉన్నాయి. ఆ నడక నాకు తెలుసు, శవం ముందు నడిచే నడక. వెనక గ్రేసమ్మ లేచింది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. ఖయ్యూం భాయ్ చొక్కా గుండీలు విప్పి లోపల నడుముకు చుట్టుకున్న పాత నీలం జెండా తీశాడు. నలుగురు నాలుగు కొనలు పట్టుకున్నారు. ఆ వెనక వరస వెంట వరస, తూర్పు గ్యాలరీ అంతా లేచి కదిలింది. ఒక్క నినాదం లేదు. స్పీకర్లు వాళ్లకు దెబ్బ అందిస్తూనే ఉన్నాయి.

బయటికి వెళ్లే గేటు దగ్గర ఆగారు. జెండాను నేల మీద దించారు.

దింపుడు కళ్లం. శ్మశానానికి సగం దారిలో పాడె దించి, దగ్గరి బంధువు శవం చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. పోయిన ప్రాణం పలుకుతుందేమోనని ఆఖరి ఆశ. ఆ ఆచారం గ్రేసమ్మది కాదు, ఖయ్యూం భాయ్‌ది కాదు. కానీ లాలాగూడలో ఒకరి చావుకు ఒకరు పోయిపోయి అందరికీ అన్నీ తెలుసు. అందరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. బాల్నర్సు జెండా మీదికి వంగాడు. కిటికీ అద్దం మందం, మాట వినపడలేదు. పెదాలు కనిపించాయి.

షెడ్డూ. ఆగాడు. షెడ్డూ. ఆగాడు. మైదానం వైపు తలెత్తి చూశాడు. ఎవరైనా, ఒక్క ఆటగాడు, ఒక్క ఆఫీసరు, కనీసం ఆ బంతి అందించేవాడు ఇటు తిరిగి చూస్తే చాలన్నట్టు చూశాడు. షెడ్డూ.

"మేక్ సమ్ నాయిస్, కోబ్రాస్!" అన్నాయి స్పీకర్లు.

వాళ్లు జెండా ఎత్తుకుని గేటు దాటారు. నా పెట్టె పక్కనే నిలబడి తనూజ్ ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "ఈస్ట్ స్టాండ్ ఎగ్జిట్ సూపర్ స్మూత్ సర్. మ్యాచ్ అయ్యేలోపే ఖాళీ. ట్రాఫిక్ ఇష్యూనే లేదు." తర్వాతి సీజనుకు ఆ కుర్చీల్లో కాలేజీ పిల్లలను బస్సుల్లో తెచ్చి, బంగారు రంగు చొక్కాలు తొడిగి కూర్చోబెట్టారు. టీవీలో నిండుగా కనిపిస్తుందట.

ఏడాది తర్వాత ఒక ఆదివారం పొద్దున మ్యూజియం చూడడానికి వచ్చిన గుంపులో బాల్నర్సు, ఖయ్యూం భాయ్ ఉన్నారు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. బాల్నర్సు చిక్కిపోయాడు. గుంపును తిప్పే అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయి, మంచి పిల్ల, గౌరవంగా మాట్లాడుతుంది. నా ముందు ఆగి, పూర్వం రాజులు శత్రువుల గుండెలు అదరగొట్టడానికి వాడిన యుద్ధ డప్పు ఇదని, కోబ్రాస్ ఆ వారసత్వాన్ని కాపాడుతోందని వివరించింది. ఖయ్యూం భాయ్ దగ్గాడు.

"దీన్ని కొట్టెటాయన ఏడున్నడు బిడ్డా?" అని అడిగాడు బాల్నర్సు.

ఆ పిల్ల చేతిలో కాగితం చూసుకుంది. "ఆయన చనిపోయారు అంకుల్. ఇందులో అలాగే ఉంది."

ఖయ్యూం భాయ్ నోరు తెరిచాడు. బాల్నర్సు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. అద్దం అవతల నుంచి నా వైపు చూశాడు. నా తోలు సడలిపోయి మధ్యలో గుంట పడింది, అతను చూసే ఉంటాడు.

"నిజమే బిడ్డా" అన్నాడు. "నేను గూడ పోయిన ఆ సావుకు. మంది శానా వచ్చిండ్రు."

"అయ్యో, సారీ అంకుల్" అంది ఆ పిల్ల. తర్వాత ట్రోఫీల గది అటు అని అందరికీ చెయ్యి చూపించింది.